ఆమెను క్రీడాకారిణి అనరేం?

సానియా మీర్జా 2023 ఫిబ్రవరిలో దుబాయిలో చివరి పోటీ ఆడి టెన్నిసు నుండి విరమించారు. 2003 నుండి ఇరవై యేళ్ళు వృత్తిగా ఆడిన ఈ హైదరాబాదు క్రీడాకారిణికి మన పత్రికల శీర్షికలు అంటగట్టిన బిరుదులు ‘హైదరాబాదీ భామ’, ‘టెన్నిస్ సుందరి’! ఆమెతో కలిసి 2009లో ఆస్ట్రేలియన్ ఓపెన్, 2012లో ఫ్రెంచ్ ఓపెన్ మిశ్రమ జంటల పోటీలు గెలిచిన మహేశ్ భూపతిని ఎవరైనా ‘టెన్నిస్ సుందరాంగుడు’ అన్నారా? ఆయన ఆటగాడు, ఈమె అందగత్తె. ఇదెక్కడి న్యాయమండీ?

భామ శబ్దానికి కోపం గల స్త్రీ అని వ్యుత్పత్తి. ఆ అర్థమెరిగి వాడి ఉంటే నాకు పేచీ లేదు. ఇటువంటి శీర్షికలు చదివిన ఆడపిల్లలందరూ భామలు కావలసినదే.

2005లో హైదరాబాదులో గెలిచి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ సాధించిన తొలి భారతీయ మహిళ అయ్యారు. ఆ యేడే ఆమె దుస్తులపై ఫత్వా వెలువడింది. 2014 జులైలో తెలంగాణ ప్రభుత్వం ఆమెను ప్రచారకర్తగా నియమిస్తే, ఒక శాసనసభ్యుడు ‘పాకిస్తాన్ కోడలు’ అని ఆక్షేపించాడు. రెండు నెలలు దాటిన కొద్ది రోజులకే ఆ కోడలు మన సాకేత్ మైనేనితో జతకట్టి, ఇంచియాన్ ఏషియాడ్‌లో భారతదేశానికి స్వర్ణం తెచ్చింది. ఆక్షేపణకు అంతకన్న సమాధానమేముంది?

“గెలిచినవన్నీ జంటల ఆటలే కదా” అని పెదవి విరిచేవారున్నారు. 2007లో సింగిల్స్‌లో 27వ ర్యాంకు దాకా వెళ్ళిన మనిషి, మణికట్టు గాయాలు వెనక్కి లాగితే, జంటల ఆటనే సాధన చేసి 2015 ఏప్రిల్‌లో ప్రపంచంలో ప్రథమ స్థానానికెక్కారు. మొత్తం ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్ళు. వాటిలో మూడు మార్టినా హింగిస్‌తో. తిరుపతి వేంకట కవులను నెత్తిన పెట్టుకున్న జాతి మనది. జంటగా అవధానాలు చేశారు గనుక వారిద్దరూ చెరి సగం కవులని ఎవరైనా అన్నారా?

మా తిరుపతిలో ఏటా గంగజాతర జరుగుతుంది. ఆడవారిని చెరబట్టిన పాలెగాణ్ణి వెదికి వధించిన గంగమ్మకు మగవారు స్త్రీవేషం కట్టి మొక్కుతారు. ఆ మొక్కులో ఆడదాని శక్తికి జంకు ఉంది, గౌరవమూ ఉంది. శీర్షికలు కట్టే పెద్దలకు అందులో వీసమెత్తయినా ఉంటే చాలు.

రేపు చిత్తూరు నుండి ఒక పిల్ల రాకెట్టు పట్టి గెలిచి వస్తుందనుకోండి. అయ్యలారా, ఆమె ఎన్ని సెట్లలో గెలిచిందో ముందు రాయండి. అందచందాలు అద్దం చూసుకుంటుంది.