వెయ్యి కోడ్ ఆరొందలకే! ఎవరిస్తారు తమ్ముడూ?

‘గూగుల్ ప్లే 1000 కోడ్ కేవలం 600కే. ముందు డబ్బులు, తర్వాత కోడ్. ఆఫర్ ఈ రోజే ఆఖరు.’

ఈ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. మా అరకు కుర్రాళ్ల గ్రూపుల్లో అయితే కాఫీ పండ్ల కోతలు మొదలయ్యాక వరసపెట్టి కనిపిస్తుంది. నవంబర్ నుంచి సంక్రాంతి దాటే దాకా మా దగ్గర చేతిలో కాస్త డబ్బులాడే కాలం. కాలేజీ సెలవుల్లో కోతకెళ్లిన ఇంటర్ కుర్రాడి ఖాతాలోనూ నాలుగొందలో ఐదొందలో ఉంటాయి. మెసేజ్ పంపినవాడికి ఈ సంగతి తెలియదు లెండి, వాడు దేశమంతా పంపుతాడు. కానీ తగిలేది ఇలాంటి జేబుకే.

‘ఇది నిజిమేనేటన్నా?’ అని అడిగేవాళ్లకి నేను తిరిగి ఒకటే ప్రశ్న వేస్తాను. సంతలో ఎవరైనా 500 నోటుని 300కి అమ్మితే కొంటావా? కొనవు. నోటు దొంగదో, దొంగనోటో అనుకుంటావు. కోడ్ కూడా నోటే. ఎవరు ముందు టైప్ చేస్తే వాళ్ల అకౌంట్లో పడుతుంది. అలాంటిదాన్ని 40 శాతం తక్కువకి ఇస్తున్నాడంటే మూడింట్లో ఒకటి. కోడ్ అసలు లేదు, లేదా ఇప్పటికే వాడేశారు, లేదా ఎవరిదో కార్డు కొట్టేసి కొన్నారు. మూడోది మరీ ప్రమాదం. మొదట బ్యాలెన్స్ పడుతుంది, మీరు సంబరపడి నలుగురికి చెప్తారు, ఆ తర్వాత ఒక రోజు బ్యాలెన్స్ పోవచ్చు, అకౌంటే లాక్ అవ్వచ్చు. వేరే దేశం కోడ్ అంటగట్టే రకాలు కూడా ఉన్నాయి. అది మన అకౌంట్లో పనిచేయదు.

మరి నిజమైన డీల్ ఎలా ఉంటుంది? చిన్నగా ఉంటుంది! యూపీఐ యాప్‌లలోని గిఫ్ట్ కార్డుల విభాగంలోనో, పెద్ద షాపింగ్ సైట్ల పండగ సేల్‌లోనో నేను చూసినంతలో నూటికి రెండు, మూడు, మహా అయితే ఐదు. 500కి పదిహేను రూపాయలు మిగిలితే అదే మంచి డీల్. అందులోనూ క్యాష్‌బ్యాక్ అని రాసి చెప్పుల కూపన్ ఇస్తే నేను దాన్ని సున్నా కిందే లెక్కేస్తాను. ఇంకో మాట. ప్లే స్టోర్‌లో ఇప్పుడు నేరుగా యూపీఐతో కట్టొచ్చు. తగ్గింపు లేకపోతే మధ్యలో కోడ్ ఎందుకు?

యూపీఐ లేనివాళ్ల సంగతి వేరు. సొంత బ్యాంకు ఖాతా లేని పదో తరగతి పిల్లలు మండల కేంద్రంలో ఏ మొబైల్ షాపుకో వెళ్లి వంద ఇచ్చి టాపప్ చేయించుకుంటారు. కొన్నిచోట్ల దానికి పది రూపాయలు పైన తీసుకుంటారు. షాపతన్ని తిట్టడం లేదు, అతని శ్రమ అతనిది. లెక్క మాత్రం చూడండి. అందరూ మూడు శాతం తగ్గింపు కోసం వెతుకుతుంటే, వీళ్లు పది శాతం ఎక్కువ కడుతున్నారు. ఇంట్లో అక్క ఫోన్ నుంచో, నాన్న ఫోన్ నుంచో అడిగి కట్టించుకోవడమే వీళ్లకి దొరికే అతి పెద్ద డీల్. అడిగితే ‘దేనికి?’ అంటారు, నిజమే. ఆ ప్రశ్నకి జవాబు లేని కొనుగోళ్లు అక్కడే ఆగిపోతాయి కూడా.

అసలు స్టోర్ క్రెడిట్ అంటే ఏంటో మా కొండల మీద చెప్పడం తేలిక. ఒకప్పుడు షావుకారు ఉప్పు, బట్ట ముందుగా ఇచ్చి, పంట చేతికొచ్చాక చింతపండు, అడ్డాకులు తనకి నచ్చిన రేటుకి పట్టుకుపోయేవాడు. ఆ దోపిడీని ఆపాలనే 1956లో జీసీసీ పెట్టారు. అప్పుడు దుకాణం మనకి అప్పిచ్చేది. ఇప్పుడు తిరగబడింది. 500 కోడ్ వేసుకున్నామంటే దుకాణానికి మనమే అప్పిచ్చాం. వడ్డీ లేదు. తిరిగి డబ్బుగా రాదు. ఫ్రెండ్ అకౌంట్‌కి మార్చలేం. ఆ దుకాణంలోనే ఖర్చుపెట్టాలి. ఇన్ని షరతులకి ఒప్పుకుంటున్నప్పుడు పదిహేను రూపాయల తగ్గింపు ఎక్కువా తక్కువా అన్నది మీరే ఆలోచించండి. నా పద్ధతి ఒకటే. కొనాల్సిన వస్తువు పేరు, ధర తెలిశాకే కోడ్. అదీ ఆ ధరకి సరిపోయినంతే. వస్తువు 399 అయితే 500 వేసి 101 మిగల్చకూడదు. మిగిలిన ఆ 101 ఊరుకోదు, ఇంకో వంద తెమ్మంటుంది.

ఇక ఆ క్రెడిట్‌ని యూసీగానో డైమండ్స్‌గానో మార్చి దాచుకోవడం ఇంకో మెట్టు కిందికి దిగడం. స్టోర్ బ్యాలెన్స్ ఉంటే కనీసం వంద గేమ్‌లలో ఏదో ఒకటి కొనొచ్చు. యూసీ ఒక్క గేమ్‌కే. ఆ గేమే మాయమైతే? మన దేశంలో ఇది ఊహ కాదు. 2020 సెప్టెంబర్ 2న పబ్జీ మొబైల్‌ని నిషేధించారు, అక్టోబర్ 30తో సర్వర్లు ఆగిపోయాయి. 2021 జూలైలో బీజీఎంఐ వచ్చింది, పాత డేటా మార్చుకునే వీలిచ్చారు, కొంతమంది ఊపిరి పీల్చుకున్నారు. 2022 ఫిబ్రవరిలో ఫ్రీఫైర్ పోయింది. అదే ఏడాది జూలైలో బీజీఎంఐ కూడా స్టోర్ల నుంచి మాయమై, 2023 మేలో గానీ తిరిగి రాలేదు. పది నెలలు! ‘బోనస్ వస్తుందని ఎక్కువ యూసీ కొని పెట్టుకున్నాను’ అన్నవాళ్ల మొహాలు అప్పుడు చూడాల్సింది. అందుకే పెద్ద ప్యాక్‌కి ఎంత బోనస్ ఇచ్చినా సరే, వాడే రోజునే కొనండి.

కంప్యూటర్ ఉన్నవాళ్ల దారి కాస్త సుఖం. స్టీమ్ 2015 నుంచి మనకి రూపాయల్లోనే ధర చూపిస్తోంది. ఏటా వేసవిలో, డిసెంబర్ చివర్లో పెద్ద సేల్స్ ఉంటాయి. గేమ్‌ని విష్‌లిస్ట్‌లో పెడితే ధర తగ్గినప్పుడు మెయిల్ వాళ్లే పంపుతారు. అయితే ‘75 శాతం తగ్గింపు’ అన్న ఆకుపచ్చ డబ్బా చూసి ఉరకకండి. సంతలో మా అమ్మ మొదటి దుకాణంలో మిరపకాయలు కొనగా నేనెప్పుడూ చూడలేదు. చివరిదాకా నడిచి, రేట్లన్నీ విని, వెనక్కొచ్చి కొంటుంది. స్టీమ్‌డీబీ, ఈజ్‌దేర్ ఎనీ డీల్ సైట్లు మన కోసం అలా నడిచి వస్తాయి. ఆ గేమ్ ఇంతకుముందు ఎంత తక్కువకి అమ్మిందో అక్కడ కనిపిస్తుంది. పోయిన డిసెంబర్‌లో 200కి ఇచ్చినది ఇప్పుడు 350 అంటుంటే తొందరేముంది? కొన్నాక నచ్చకపోయినా, 14 రోజుల్లోపు, రెండు గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. ప్లే స్టోర్‌లో ఆ గడువు మామూలుగా 48 గంటలే, గుర్తుంచుకోండి.

ఎపిక్ గేమ్స్ స్టోర్ ప్రతి గురువారం ఉచితంగా గేమ్ ఇస్తుంది. చిల్లర గేమ్‌లే అనుకోకండి, 2020 మేలో జీటీఏ ఫైవ్‌నే ఇచ్చేశారు. కానీ ఉచితం అన్న మాట విశాఖలో వేరు, ముంచంగిపుట్టులో వేరు. ఆ గేమ్ 90 జీబీ పైమాటే. రోజుకి 1.5 జీబీ ప్లాన్‌తో దించాలంటే రెండు నెలల డేటా! అదీ మిగతా ఏదీ చూడకుండా. 2023 జూన్‌లో రాష్ట్రంలో ఒకేసారి 100 జియో టవర్లు ప్రారంభించారు, ఎక్కువ భాగం మా అల్లూరి జిల్లాలోనే. మేలు జరిగింది, కాదనను. అయినా సిగ్నల్ కోసం గట్టెక్కే ఊళ్లు ఇంకా ఉన్నాయి. మా దగ్గర గేమ్ ధర అంటే స్టోర్ ధర మీద డేటా ధర కలపాలి. ఈ వరస ఎవరూ ఏ సైట్లోనూ చూపించరు.

దీనికో ఉపాయం ఉంది. ఉచిత గేమ్‌ని తీసుకోవడం వేరు, దించుకోవడం వేరు. గురువారం ఫోన్ బ్రౌజర్లో లాగిన్ అయి ‘గెట్’ కొడితే చాలు, కొన్ని ఎంబీల్లో పని అయిపోతుంది, గేమ్ మీ అకౌంట్లో ఉండిపోతుంది. తర్వాత వైజాగ్ హాస్టల్‌లో వైఫై దొరికినప్పుడు దించుకోవచ్చు. స్టీమ్‌లో అయితే 2023 నుంచి ఇంకో సౌకర్యం వచ్చింది. ఒకే నెట్‌వర్క్‌లో రెండు కంప్యూటర్లుంటే, ఒకదాంట్లో ఉన్న గేమ్ ఫైళ్లు నెట్ ఖర్చవకుండా రెండోదానికి వెళ్లిపోతాయి. పండక్కి ఊరొచ్చే అన్నయ్య ల్యాప్‌టాప్‌ని ఈసారి కాస్త మర్యాదగా చూసుకోండి.

సొంత డబ్బు పెట్టకుండా ప్లే క్రెడిట్ కావాలంటే గూగుల్ ఒపీనియన్ రివార్డ్స్ ఉంది. చిన్న చిన్న ప్రశ్నలకి జవాబిస్తే కొన్ని రూపాయలు పడతాయి. ఎక్కువ రావు. ఏడాదిలోపు వాడకపోతే అవి పోతాయి. దాని పేరు చెప్పి ‘యాప్ పెట్టుకో, రోజుకి 500’ అని పిలిచేవి మాత్రం వేరే జాతి. డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటలు మన రాష్ట్రంలో 2020లోనే నిషేధం. 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేశాక దేశమంతటా అంతే. వాటిలో గెలిచిన డబ్బుతో స్కిన్‌లు కొంటానన్న ప్లాన్ ఉంటే మానుకోండి.

ఇప్పటికే డబ్బు పంపేసినవాళ్లు సిగ్గుపడి కూర్చోకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ. మెసేజ్, యూపీఐ లావాదేవీ నంబర్ స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి. 600 చిన్న మొత్తం కదా, ఎవరు పట్టించుకుంటారు అనుకోవద్దు. మీ 600 ఫిర్యాదు ఇంకో వందమంది ఫిర్యాదులతో కలిస్తే ఆ ఖాతా దొరుకుతుంది. ‘రీఫండ్ ఇస్తాం, పిన్ కొట్టండి’ అని మళ్లీ వస్తారు, అదీ మోసమే. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.

సరే, ‘ఇన్ని చెప్పావు, నా దగ్గర కోత డబ్బులు ఐదొందలున్నాయి, ఏం కొనమంటావు?’ అంటే, నా ఓటు ఒకసారి కొంటే అయిపోయే గేమ్‌కి. ఫోన్లో స్టార్‌డ్యూ వ్యాలీ ఉంది. యాడ్స్ లేవు, లోపల మళ్లీ కొనాల్సినవి లేవు, దించుకున్నాక నెట్ అక్కర్లేదు. కరెంటు, సిగ్నల్ రెండూ పోయిన వాన రాత్రి కూడా నడుస్తుంది. పొద్దంతా తోటలో ఉండి రాత్రి ఫోన్లోనూ వ్యవసాయమేనా అని నవ్వుతారేమో. అందులో కాఫీ గింజ నాటితే పది రోజుల్లో కాపుకొస్తుంది తమ్ముడూ. మన తోటలో మూడు నాలుగేళ్లు ఆగాలి.