పల్లం పూడ్చవద్దు, తొట్టి కడగండి



వానాకాలం జ్వరాలు రాగానే ఊరి పల్లంలోని తుంగమడుగును మట్టితో పూడ్చేయాలని కొందరు అంటారు. మేము ఒప్పుకోము.

పూర్వం బురదనేలల చెడుగాలి వల్లనే మలేరియా వస్తుందనుకునేవారు. ఆ పేరుకు అర్థం కూడా చెడుగాలే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో డాక్టర్ రోనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ క్రిమిని కనుగొన్నారు. దోషం గాలిది కాదని తేలింది.

చెత్త పడని మడుగులో దోమ పిల్లలను చేపలు, తూనీగ పిల్లలు తింటాయి. మన ఇంటి తొట్టిలో, కూలరులో, పాత టైరులో తినేదెవరు? డెంగీ దోమ గుడ్లు పెట్టేది అక్కడే.

పైగా దర్శి వైపు బోరునీటిలో ఫ్లోరైడు ఎక్కువ. వాననీరు ఇంకే పల్లం పోతే మనకే నష్టం. పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవడమూ కష్టమే. కొల్లేరు సరస్సును చేపల చెరువుల గట్లు ఆక్రమిస్తే, 2006లో ప్రభుత్వమే వాటిని తెగ్గొట్టించవలసి వచ్చింది.

పసిబిడ్డ మోషేను దాచినది నైలు ఒడ్డు జమ్మే కదా! పల్లాల్లో చెత్త, మట్టి పోయవద్దు. వారానికొకసారి తొట్లు ఖాళీచేసి, తోమి, ఆరబెట్టండి. జ్వరం వస్తే ఆలస్యం చేయక రక్తపరీక్షకు రండి.