ఉప్పుగాలి ఊళ్ళో చిన్న ట్రాక్టరు

"ఏటమ్మా, ట్రాక్టర్ల ధరలు తగ్గాయంట కదా! మనమూ ఓ చిన్నది కొనేద్దుమా? ఈసారి మాత్రం నా పేర్న."

ఈమధ్య నౌపడ వెళ్ళినప్పుడు మా పిన్ని అన్న మాటలివి. ఆ "ఈసారి" వెనక ఒక కథ ఉంది. అది తర్వాత చెబుతాను. ముందు ధర సంగతి చూద్దాం.

2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ట్రాక్టరు టైర్లు, విడిభాగాల మీద 18 నుంచి 5కి వచ్చింది. పన్ను కాకుండా 4 లక్షల బండి అనుకుంటే ఇదివరకు 48 వేలు పన్ను, ఇప్పుడు 20 వేలు. అంటే 28 వేలు మిగులు. మంచిదే! కానీ తగ్గింపు బోర్డు చూసి అక్కర్లేని చీర తెచ్చుకున్నట్టు కాకూడదు కదా. ఆ బండి మన పనికొస్తుందా, మన ఊరి గాలికి నిలుస్తుందా, మన మాట మీద కదులుతుందా? ఈ మూడూ చూసుకున్నాకే డబ్బు తీయాలి.

పెద్దది గొప్పా, చిన్నది మేలా?

మా నాన్నగారి ఆస్తిలో నా వాటాకి వచ్చింది ఎకరంన్నర కొబ్బరితోట. నేనుండేది విశాఖలో. కలుపు దున్నించాలి, మట్టలు, కాయలు చేరవేయించాలి, గట్టు సరిచేయించాలి. వలసలు ఎక్కువైన మా జిల్లాలో కూలికి మనుషులు దొరకడం కష్టమే. అద్దెకొచ్చే 45, 50 హార్స్‌పవర్ ట్రాక్టరేమో రెండు టన్నుల బరువు. కొబ్బరి వరుసల మధ్య 25 అడుగులున్నా, నడుమ అరటి, పక్కన వాలిన జీడిమామిడి కొమ్మలు ఉంటే అది తిరగలేదు. తిరిగినా వేళ్ళు తెగుతాయి, నేల గట్టిపడుతుంది.

మహీంద్రా యువరాజ్ 215, స్వరాజ్ 717 లాంటివి 15 హార్స్‌పవర్ బండ్లు. బరువు టన్నులోపే. సందుల్లో దూరతాయి. కుబోటా నియోస్టార్, మహీంద్రా జీవోల్లో 24 హార్స్‌పవర్, నాలుగు చక్రాలూ లాగే రకాలున్నాయి. ఇసుక నేలలకు, ఉప్పుచెమ్మ నేలలకు ఈ రెండో రకం నయం. ఏది కొన్నా సీటెక్కి కూర్చుని చూడండి. క్లచ్‌కి, బ్రేకుకి కాలు అందాలి. విడిభాగాలూ మెకానిక్కూ టెక్కలిలోనో పలాసలోనో దొరుకుతారో లేదో కనుక్కోండి. ఊరిలోనే ఎవరైనా వాడుతుంటే వాళ్ళ మాట షోరూము మాటకన్నా విలువైనది.

ఇంకో లెక్క. నేను ఒక ఏడాదంతా నోటుబుక్కులో రాసుకుంటే నా తోటకి ట్రాక్టరు పని 60 గంటలు దాటలేదు. 60 గంటల కోసం ఏడాది పొడవునా వాయిదాలు కట్టడం దండగ. అందుకే నేనూ, పిన్నీ, పక్కతోట వదినా ముగ్గురం కలిసి కొందామనుకుంటున్నాం. వ్యవసాయ యంత్రాల కేంద్ర పథకం 2014-15 నుంచి ఉంది. అందులో మహిళా రైతులకు 50 శాతం వరకు, ఇతరులకు 40 శాతం వరకు రాయితీకి వీలుంది. దానికి పరిమితులూ ఉన్నాయి. ఏ ఏడు ఏ యంత్రానికి ఇస్తున్నారో రైతు సేవా కేంద్రంలో ముందే అడగాలి. కొన్నాక అడిగితే లాభం లేదు.

ఉప్పు తినేది ఇనుమునే

నౌపడ అంటేనే ఉప్పు. ఆ మళ్ళ మీదుగా వచ్చే గాలి కిటికీ ఊచల్నే తినేస్తుంది, ఇక ట్రాక్టరొక లెక్కా? పనయ్యాక మంచినీళ్ళతో కడగాలి, ఉప్పుబోరు నీళ్ళతో కాదు. ఆరాక గ్రీజు పెట్టాలి. బ్యాటరీ కొసలకు వేజలైన్ రాయాలి. రేడియేటర్‌లో బోరునీళ్ళు కాక కూలెంటే పోయాలి. పని లేని రోజుల్లో డీజిల్ ట్యాంకు నిండుగా ఉంచితే లోపల చెమ్మ పట్టదు.

టార్పాలిన్ బిగించి కట్టేస్తే బండి భద్రం అనుకుంటాం. అది పొరపాటు. లోపల చెమ్మ నిలిచి తుప్పు త్వరగా పడుతుంది. సముద్రం వైపు గోడ, రెండోవైపు గాలి, కింద సిమెంటు నేల ఉన్న పాక చాలు. కొబ్బరిచెట్టు కింద మాత్రం ఎప్పుడూ నిలపకండి!

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరితోటలు నేలకొరిగిన సంగతి మనకు తెలుసు. తుపాను కబురు రాగానే బండిని మెరక మీదికి చేర్చాలి. ఇంజను మునిగితే ఆత్రంగా స్టార్ట్ చేయకూడదు. సిలిండర్‌లో నీళ్ళుంటే లోపలి రాడ్డు వంగిపోతుంది. మెకానిక్‌తో నీళ్ళు, ఆయిలు తీయించాకే తాళం తిప్పాలి. బీమా కూడా థర్డ్ పార్టీతో సరిపెట్టకండి. తుపాను నష్టం అందులో రాదు, సమగ్ర బీమా కావాలి.

బండిని కాపాడితే సరా?

మనుషుల్నీ కాపాడుకోవాలి. వెనక యంత్రాన్ని తిప్పే షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. చీరకొంగు చిక్కితే కళ్ళు మూసి తెరిచేలోగా మనిషిని లాగేస్తుంది. దానికి తొడుగు ఉండాల్సిందే. పడిన చెట్టు మానును లాగేటప్పుడు గొలుసు కింది కొక్కేనికే కట్టాలి. పైన కడితే ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడుతుంది.

ట్రాలీలో కూలీలను ఎక్కించకండి. 2018 జూన్ 24న తెలంగాణలోని వేములకొండ దగ్గర ట్రాక్టరు కాలువలో పడి 15 మంది చనిపోయారు. దాదాపు అందరూ పొలం పనికి బయల్దేరిన ఆడవాళ్ళే. మన బండి ఎక్కే వాళ్ళూ మనలాంటి తల్లులే కదా.

ఇంతకీ పిన్ని కథ

ఏళ్ళ కిందట పిన్ని నగలు బ్యాంకులో పెట్టి పెద్ద ట్రాక్టరుకి ముందు డబ్బు కట్టింది. కాగితాలు కొడుకు పేర రాయించారు. "ఆడదానికి బండి ఎందుకు?" అన్నారంతా. రెండేళ్ళకి అతను దాన్ని ఊళ్ళ మీద అద్దెకి తిప్పడం మొదలెట్టాడు. పిన్ని తోట మాత్రం దున్నలేదు. చివరికి ఆమెను అడగకుండానే అమ్మేశాడు. "బండి నా బంగారంతో వచ్చింది గానీ, నా మాట మీద మాత్రం ఎప్పుడూ ఎల్లలేదమ్మా" అంటుంది.

ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా మన రాష్ట్రంలో 1986 సవరణతోనే వచ్చింది, దేశమంతటికీ 2005లో. నేల మన పేర వచ్చింది సరే, ఆ నేల దున్నే యంత్రం ఎవరి పేరో చూసుకోవద్దా? పట్టాదారు పాసుపుస్తకం, అప్పు పత్రం, ఆర్సీ, బీమా అన్నిటి మీదా పేరు సరిగా ఉందో లేదో చదివాకే సంతకం పెట్టండి. ముగ్గురు కలిసి కొంటే ఎవరి పేర రిజిస్టరు చేశారో, ఎవరి వాటా ఎంతో, మరమ్మతు ఖర్చు ఎవరిదో స్టాంపు కాగితం మీద రాసుకోండి. అక్కాచెల్లెళ్ళ మధ్య కాగితమేమిటని మొహమాటపడితే రేపు మాటలే ఉండవు.

చెన్నైలో ట్రాక్టర్లు తయారుచేసే టాఫే కంపెనీని నడిపిస్తున్నది మల్లికా శ్రీనివాసన్ అనే మహిళ. బండ్లు చేయించేది ఆడమనిషి అయినప్పుడు, కొన్న కాగితం మీద ఆడమనిషి పేరుంటే వింతేముంది?

పిన్ని ఇప్పుడు లైసెన్సుకి దరఖాస్తు పెడతానంటోంది. ఆమెకు యాభై నాలుగేళ్ళు. నేను ఔననే అన్నాను.