ఇండ్ల కరవు, వర్తకుల లెక్క

సంబంధము చూచునప్పుడు మన పెద్దలు "వారికి సొంత యిల్లు కలదా?" యని యడుగుదురు. ఆ యింట నెన్ని గదులున్నవని పైకి అడుగువారు తక్కువ. ఆ ప్రశ్నను 2012లో కేంద్రప్రభుత్వమువారి నిపుణుల సంఘ మొకటి అడిగినది. దేశమందలి పట్టణములలో సుమారు 1 కోటి 88 లక్షల యిండ్లు కొరతగా నున్నవని, ఆచార్య అమితాబ్ కుండుగారి అధ్యక్షతను ఆ సంఘము తేల్చెను. అందు నిలువ నీడ లేని కుటుంబములు 5 లక్షల 30 వేలు మాత్రమే. దాదాపు 1 కోటి 50 లక్షల కుటుంబములకు ఇల్లుండియు ఇరుకే. దంపతులకు వేరు గది లేకపోవుటను సంఘమువారు ఇరుకునకు గుర్తుగా పెట్టుకొనిరి. వంటింటి గోడకు తెర గట్టి కొత్తకోడలికి చోటు చేసిన యిల్లాలికి ఈ లెక్క వింతగా తోచదు.

వింత యేమనగా, 2011 జనాభా లెక్కలలో ఆ పట్టణములందే 1 కోటి 10 లక్షల యిండ్లు ఖాళీగా నున్నట్లు తేలినది. కావున కట్టువారు కట్టకపోలేదు. ఎవరి కొరకు కట్టిరి? కొరతలో నూటికి 95 పాళ్లు బీద, అల్పాదాయ కుటుంబములదే గదా!

గృహనిర్మాణ వర్తకుల నడిగినచో వారి గోడు వారు చెప్పుదురు. స్థలము ఖరీదు మిన్ను ముట్టుచున్నది. ప్లాను కచేరీలో నెలల తరబడి పడియున్నను అప్పుమీది వడ్డీ నిదురపోదు. చిన్న యింటిపై మిగులు తక్కువ. ఈ మాటలలో నిజము లేకపోలేదు. అందుచేత చౌక యిండ్లను స్థలము చౌకగా దొరకు ఊరి వెలుపల కట్టుదురు. నాలుగిండ్లలో పాచిపని చేసుకొను నామెకు అచ్చట ఇల్లు వచ్చినచో రెండు బస్సులు మారవలయును. ప్రొద్దుటి రెండిండ్ల పని పోవును. ఆమె ఆ యింటికి తాళము వేసి, మరల బస్తీలోని అద్దె గదికే వచ్చినచో, ఇల్లిచ్చినను ఉండలేదని నిందింతురు! ధర చూచి దూరము చూడని లెక్కను మేము సరియైన వ్యాపారమని యనజాలము.

మాకు ముఖ్యముగా తోచునది అప్పు సంగతి. 1977లో హస్ముఖ్ పారేఖ్ గారు, ఉద్యోగ విరమణ చేసిన పిదప, ఇండ్లకు దీర్ఘకాలపు అప్పులిచ్చుటకై హెచ్.డి.ఎఫ్.సి. సంస్థను స్థాపించిరి. ముసలితనమున భవిష్యనిధి సొమ్ముతో ఇల్లు కట్టుకొనుచుండిన మధ్యతరగతివారు పడుచుతనముననే గృహప్రవేశము చేయుటకు దాన దారి యేర్పడినది. గొప్ప మేలే. కాని ఆ తలుపునకు తాళపుచెవి జీతపుచీటి. ఇడ్లీలమ్ము నామెకు, ఇంట కుట్టుపని చేయు నామెకు జీతపుచీటి యెవరిత్తురు? ఇటీవల కొన్ని చిన్న రుణసంస్థలవారు తమ మనుష్యులను అంగడి యొద్దకే పంపి, అమ్మకము చూచి, ఇరుగుపొరుగును విచారించి, ఆ రాబడి మీదనే అప్పిచ్చుచున్నారు. వడ్డీ బ్యాంకులకంటె హెచ్చు, అది మరువరాదు. అయినను ఇల్లాలి సంపాదనను సంపాదనగా లెక్కించిన వర్తకబుద్ధి యిది. దీనిని మేము మెచ్చుచున్నాము.

2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస యోజనలో ఇల్లు గృహిణి పేరనో, ఉమ్మడి పేరనో ఉండవలెనను నియమము పెట్టిరి. పేరు మనదైనప్పుడు వాయిదాల భారమును మనదే. కనుక ఎవరో వ్రేలు చూపిన చోట చదువక సంతకము చేయుట తగదు. 2016 నాటి స్థిరాస్తి చట్టము ననుసరించి, కొనువారి సొమ్ములో నూటికి 70 వంతులు ఆ కట్టడమునకే ప్రత్యేకపు ఖాతాలో నుంచవలెను. గోడల లోపలి వైశాల్యమెంతయో చెప్పి యమ్మవలెను. పైని చెప్పిన 2015 నాటి పథకపు నియమములలో బీద కుటుంబమునకు ఆ వైశాల్యము 30 చదరపు మీటర్ల వరకు, అనగా సుమారు 323 చదరపుటడుగులుగా నుండెను. బయానా యిచ్చుటకు ముందే ప్లాను తెప్పించుకొని, అందు రెండవ గదికి గోడ యెచట లేచునో అడిగి చూడుడు.