ఒకే ప్రహరీలో రెండు బడులు

దక్షిణాసియాలో పేరు తెచ్చుకున్న మహిళల చదువు ఎక్కడ మొదలైందని ఆరా తీస్తే కేథలిక్ సిస్టర్ల బడులు మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. పాకిస్థాన్ మాజీ ప్రధాని బేనజీర్ భుట్టో కరాచీలోని జీసస్ అండ్ మేరీ కాన్వెంటులోనూ, రావల్పిండిలోని ప్రెజెంటేషన్ కాన్వెంటులోనూ చదివారు. గురుత్వ తరంగాలను తొలిసారి పట్టుకున్న లైగో బృందంలోని భౌతిక శాస్త్రవేత్త నెర్గిస్ మవాల్వాలాది కూడా ఆ కరాచీ బడే. బర్మా నాయకురాలు ఆంగ్ సాన్ సూచీ ఢిల్లీలో, పాకిస్థాన్ మానవ హక్కుల న్యాయవాది అస్మా జహంగీర్ లాహోరులో ఇదే జీసస్ అండ్ మేరీ సంస్థ బడుల్లో చదువుకున్నారు. తమిళనాడు మాజీ ముఖ్యమంత్రి జయలలిత మద్రాసు చర్చి పార్కు విద్యార్థిని, పెప్సికో మాజీ సీఈవో ఇంద్రా నూయీ టి.నగర్ హోలీ ఏంజెల్స్ విద్యార్థిని. మన బ్యాడ్మింటన్ క్రీడాకారిణి పి.వి.సింధు చదివింది హైదరాబాదు మెహదీపట్నంలోని ఆక్సీలియం బడిలో. ముస్లిం, పార్సీ, బౌద్ధ, హిందూ కుటుంబాలకు చెందిన వీరిలో ఒక్కరు కూడా కేథలిక్ కాదు.

ఇన్ని మతాల ఇళ్ల నుంచి ఆడపిల్లలు ఆ బడులకు ఎందుకు వెళ్లారన్నది తేలాలంటే ముందు ఆ బడులు పెట్టినవారెవరో తెలియాలి. ఇంగ్లండ్‌లో కేథలిక్కుల మీద నిర్బంధం ఉన్న కాలంలో మేరీ వార్డ్ దేశం దాటి వెళ్లి, 1609లో ఇప్పటి ఫ్రాన్స్‌లోని సెంతొమేర్‌లో బాలికల చదువు కోసం ఒక స్త్రీల సంస్థను ఆరంభించారు. సన్యాసినులు మఠం గోడలు దాటకూడదన్నది ఆనాటి నియమం. తన సంస్థకు ఆ కట్టుబాటు వద్దని, సంస్థను స్త్రీలే నడుపుకుంటారని ఆమె పట్టుబట్టారు. 1631లో పోపు ఎనిమిదో అర్బన్ ఆ సంస్థను రద్దు చేశారు. మతద్రోహి అన్న ముద్రతో ఆమెను మ్యూనిక్‌లో ఒక మఠంలో నిర్బంధించారు. సంస్థాపకురాలిగా ఆమె పేరు చెప్పుకోవడానికి రోమ్ అనుమతి దొరికింది 1909లో. అప్పటికి కలకత్తాలో ఆమె వారసులైన లొరెటో సిస్టర్లు బడులు నడపడం మొదలై ఆరు దశాబ్దాలు దాటింది.

ఐర్లండ్‌లో నానో నేగల్‌ది మరో పోరాటం. కేథలిక్కులు బడి పెడితే నేరమయ్యే చట్టాలు అమలులో ఉండగా, సంపన్న కుటుంబంలో పుట్టిన ఆమె కార్క్ నగరంలో పేద పిల్లలకు రహస్యంగా చదువు చెప్పించారు. ఆ పని నిలబడడానికి 1775లో స్థాపించిన సంస్థే తర్వాత ప్రెజెంటేషన్ సిస్టర్లుగా ప్రసిద్ధి పొందింది. ఫ్రాన్స్‌లో క్లోదీన్ తెవెనే అన్నదమ్ములు ఇద్దరు 1794లో, విప్లవకాలపు లియోన్‌లో మరణశిక్షకు బలయ్యారు. ఆ తర్వాత అనాథ బాలికలను చేరదీసి పని, చదువు నేర్పిన ఆమె 1818లో జీసస్ అండ్ మేరీ సంస్థను నెలకొల్పారు. హోలీ ఏంజెల్స్‌ను నడిపే ఫ్రాన్సిస్కన్ సిస్టర్ల సంస్థ మాత్రం పుట్టడమే భారతదేశంలో పుట్టింది. దాన్ని 1877లో ఊటీలో స్థాపించినవారు ఫ్రెంచి సన్యాసిని ఎలెన్ ద షపొతాఁ.

లొరెటో సిస్టర్లు కలకత్తాలో, ప్రెజెంటేషన్ సిస్టర్లు మద్రాసులో, జీసస్ అండ్ మేరీ సిస్టర్లు ఆగ్రాలో పని మొదలుపెట్టింది ఒకే ఏడాది, 1842లో. వారిని రప్పించింది భారతీయ ఆడపిల్లల కోసం కాదు. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఐరిష్ కేథలిక్ సిపాయిలు పెద్ద సంఖ్యలో ఉండేవారు. జబ్బులతో, యుద్ధాలతో తండ్రులు పోయాక దిక్కులేనివారైన పిల్లలను సాకడం అప్పటి చర్చికి పెద్ద బాధ్యత. అందుకు డబ్బు కావాలి. అధికారుల, వ్యాపారుల కూతుళ్లకు ఫీజు బడి, దాని పక్కనే అనాథలకు, పేదలకు ఉచిత బడి పెట్టడం ఆ అవసరంలోంచి స్థిరపడిన పద్ధతి. ఫీజు లేని బడులనే కోరుకున్న నానో నేగల్ వారసులకు కూడా ఈ దేశంలో ఫీజు బడులు నడపక తప్పలేదు. పేదరిక వ్రతం పట్టిన సిస్టర్లకు సొంత జీతం ఉండదు, వారి పేరున వచ్చినదంతా సంస్థకే చేరుతుంది. ఉచిత బడి ఖర్చును చాలాకాలం మోసింది ఈ జీతం లేని శ్రమే. ఈ బడుల చరిత్ర రాసేటప్పుడు దీనికి దక్కాల్సినంత చోటు దక్కలేదు.

బ్రిటిష్ పాలనలో యూరోపియన్ బడుల నియమావళి కింద నడిచినంతకాలం వీటిలో భారతీయ పిల్లల సంఖ్యకు పరిమితి ఉండేది. 1947 తర్వాత ఆంగ్లో-ఇండియన్ కుటుంబాలు పెద్దఎత్తున ఇంగ్లండ్‌కు, ఆస్ట్రేలియాకు తరలిపోయాయి. ఖాళీ అయిన బెంచీల్లోకి కొత్త దేశాల అధికారుల, వకీళ్ల, జమీందార్ల కూతుళ్లు వచ్చి కూర్చున్నారు. మగపిల్లలు లేని బడి కావడం సంప్రదాయ కుటుంబాలకు భరోసా. అక్కడి సీనియర్ కేంబ్రిడ్జి పరీక్ష విదేశీ విశ్వవిద్యాలయాలకు దారి. బేనజీర్ పదహారేళ్లకే హార్వర్డ్ పరిధిలోని ర్యాడ్‌క్లిఫ్ కళాశాలలో చేరగలిగారంటే ఆ దారి ఎంత సూటిగా ఉండేదో తెలుస్తుంది. పిల్లలను పాఠాల కన్నా లోతుగా తాకిన సంగతి ఇంకొకటి ఉండి ఉంటుంది. ఆ ఆవరణలో ప్రిన్సిపాల్, లెక్కలు చూసేవారు, భవనాలు కట్టించేవారు అందరూ స్త్రీలే. ఇంట్లో గానీ ఊళ్లో గానీ కనిపించని దృశ్యాన్ని ఆ బాలికలు పదేళ్లపాటు రోజూ చూశారు.

అయినా పూర్వ విద్యార్థినుల కీర్తినంతా బడి ఖాతాలో వేయడం న్యాయం కాదు. బేనజీర్ తండ్రి దేశాన్ని ఏలినవాడు, సూచీ తండ్రి బర్మా స్వాతంత్ర్య నాయకుడు. సూచీ ఢిల్లీ బడిలో చేరింది తల్లి ఖిన్ చీ 1960లో రాయబారిగా రావడం వల్ల. అస్మా జహంగీర్ తొలి న్యాయపోరాటం తండ్రిని సైనిక శాసనం కింద నిర్బంధించినందుకు వేసిన పిటిషన్. 1972లో ఆమె పేరు మీదే వెలువడిన తీర్పు సైనిక పాలకుడు యాహ్యాఖాన్ అధికార హస్తగతం చట్టవిరుద్ధమని తేల్చింది. ఇంద్రా నూయీ తల్లి రాత్రి భోజనాల దగ్గర కూతుళ్లిద్దరి చేతా, దేశాధినేతలైతే ఏం చేస్తారో ప్రసంగాలు చెప్పించేవారు. మవాల్వాలాకు పనిముట్లు పట్టడం అలవాటైంది కరాచీలో ఇంటి దగ్గరి సైకిలు షాపులో. సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు.

బడి పరిమితులు బయటపడిన సందర్భాలూ ఉన్నాయి. దేశంలో తొలి మహిళా ఐపీఎస్ అధికారి కిరణ్ బేడీ అమృతసర్‌లోని సేక్రెడ్ హార్ట్ కాన్వెంటులో చదివారు. ఆ రోజుల్లో అక్కడ పై తరగతులకు సైన్సు లేదు, మంచి గృహిణిగా తీర్చిదిద్దే సబ్జెక్టు ఉండేది. సైన్సు కోసం ఆమె ఆ బడి వదిలి వేరే చోట మెట్రిక్ రాశారు. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ దేవుణ్ణి నమ్మనని ప్రకటించినందుకు కాన్వెంటు బడి ఆమెను బయటికి పంపింది. జయలలిత కథ మరో రకం. చర్చి పార్కులో 1964లో మంచి మార్కులతో మెట్రిక్ పూర్తిచేసిన ఆమె ఇంకా చదవాలని కోరుకున్నారు. ఇంటి ఆర్థిక పరిస్థితి సినిమాల వైపు నెట్టింది. మరుసటి ఏడాదే ‘మనుషులు మమతలు’తో తెలుగు తెర మీదికి వచ్చారు. అంత శ్రద్ధగా చదువుకున్న అమ్మాయి కళాశాల చదువు సాగించలేకపోవడం బాధ కలిగించే విషయం. మంచి బడి కూడా ఇంటి అవసరాన్ని ఆపలేకపోయింది.

ఈ పేర్లన్నీ ప్రహరీకి ఒకవైపున్న ఫీజు బడివి. రెండో వైపు చూడడానికి కలకత్తా ఎంటాలీ ఆవరణ మంచి చోటు. అక్కడ లొరెటో ఆంగ్ల మాధ్యమ బడితోపాటు సెయింట్ మేరీస్ అనే బెంగాలీ మాధ్యమ బడి నడిచేది. దార్జిలింగ్‌లో శిక్షణ ముగించుకుని 1931లో వచ్చిన మదర్ థెరిసా 1948 దాకా అక్కడే పాఠాలు చెప్పారు, 1944లో ప్రధానోపాధ్యాయిని అయ్యారు. ఆమె ఆ బడి వదిలి మురికివాడల్లో పని మొదలుపెట్టినప్పుడు, 1949 మార్చిలో వచ్చి కలిసిన మొదటి మనిషి ఆమె పాత విద్యార్థిని సుభాషిణీ దాస్. సన్యాసం తీసుకున్నాక ఆమె సిస్టర్ ఆగ్నెస్ అయ్యారు. తర్వాత మాగ్దలీనా గోమెజ్ వచ్చారు, ఆమెదీ అదే బడి. ప్రపంచమంతా విస్తరించిన మిషనరీస్ ఆఫ్ చారిటీకి పునాది వేసినవారు బెంగాలీలో చదువుకున్న ఈ అమ్మాయిలు. ఏ కాన్వెంటు విద్యార్థినుల కన్నా వీరు తక్కువవారు కాదు. అయినా ప్రముఖుల జాబితాల్లో వీరి పేర్లు అరుదు.

తెలుగునాట రెండో వైపే ఎక్కువ. ఆనెసీ సెయింట్ జోసెఫ్ సిస్టర్లు 1849లో యానాంలో దిగి, తర్వాత విశాఖపట్నంలో స్థిరపడ్డారు. 1958లో అక్కడ వెలిసిన సెయింట్ జోసెఫ్స్ మహిళా కళాశాల వారిదే. జేఎంజే (జీసస్ మేరీ జోసెఫ్) సిస్టర్లు 1904లో హాలెండ్ నుంచి గుంటూరు వచ్చారు. వైద్యురాలైన సిస్టర్ మేరీ గ్లోరీ 1920లో ఆస్ట్రేలియా నుంచి వచ్చి వారిలో చేరి, ఆస్పత్రి పనితోపాటు స్థానిక స్త్రీలకు మంత్రసాని పని, నర్సింగు నేర్పారు. కోస్తా జిల్లాల్లో ఆర్‌సీఎం (రోమన్ కేథలిక్ మిషన్) బడులు, సిస్టర్ల బోర్డింగులు తరాలపాటు నర్సులనూ టీచరమ్మలనూ తయారుచేశాయి. ఒక దళిత క్రైస్తవ కుటుంబంలో అక్షరం తొలిసారి అడుగుపెట్టింది ఇలా చదువుకున్న అమ్మాయితోనే అయితే, ఆమెను ప్రముఖురాలు అనకుండా ఉండడానికి కారణం కనిపించదు.

రెండు బడుల మధ్య గోడను తీసేసే ప్రయత్నం కలకత్తా సియాల్దా లొరెటోలో జరిగింది. 1979లో ప్రిన్సిపాల్ అయిన ఐరిష్ సిస్టర్ సిరిల్ మూనీ క్రమంగా దాదాపు సగం సీట్లను ఫీజు కట్టలేని పిల్లలకు కేటాయించి, అందరినీ ఒకే తరగతిలో కూర్చోబెట్టారు. వీధిబాలికలకు బడి మేడ మీదే నివాసం ఏర్పరిచి, పెద్ద తరగతుల అమ్మాయిల చేత వారికి పాఠాలు చెప్పించారు. 2007లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. అయితే ఇదంతా ఒక మనిషి పట్టుదల మీద జరిగిన పని, దీని వెనుక చట్టం ఒత్తిడి లేదు. పేద పిల్లలకు పాతిక శాతం సీట్లు ఇవ్వాలన్న విద్యాహక్కు చట్టం మైనారిటీ సంస్థలకు వర్తించదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2014లో ప్రమతి కేసులో తీర్పు చెప్పింది.

మరోవైపు సన్యాసంలోకి వచ్చే యువతులు తగ్గుతున్నారు. జీతం లేని సిస్టరు స్థానంలో జీతం తీసుకునే టీచరు వచ్చాక ఖర్చు ఫీజు మీద పడుతుంది, లేదా సర్కారు ఎయిడ్ మీద పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఎయిడెడ్ సంస్థలు తమ సిబ్బందిని ప్రభుత్వానికి అప్పగించాలన్న విధానం వచ్చినప్పుడు తల్లిదండ్రులు రోడ్డెక్కింది ఇందుకే. నిరసనల తర్వాత ప్రభుత్వం ఆ నిర్ణయాన్ని సంస్థల ఇష్టానికి వదిలింది. ఎయిడ్ నిలుపుకున్న బడిలోనూ రిటైరైన టీచర్ల ఖాళీలు ఏళ్ల తరబడి నిండకపోతే, ఆ పాఠాలు చెప్పేవారి జీతం ఎవరో ఒకరు ఇవ్వాల్సిందే. ఆ భారం ఫీజుగా మారిన చోట మొదట బడి మానేది రెండో బడి పిల్లే.