అసలైన ఆకాశవాణి

నిజాంపేటలో ప్రొద్దుగ్రుంకిన పిమ్మట మేడమీదికెక్కి తలయెత్తి చూచువానికి వ్రేళ్లపై లెక్కింపదగిన చుక్కలే కానవచ్చును. ఐటీ భవనముల దీపకాంతి ఆకసమును కప్పివేసినది. ఇది కన్నులకు తెలియు నష్టము. కన్నులకు తెలియని నష్టము వేరొకటి కలదు. అవే మేడలపై నిలిచిన సెల్ టవర్లును, ఇంటింట వెలసిన వైఫై పెట్టెలును వెదజల్లు తరంగములు ఆకాశపు పలుకును వినబడనీయకున్నవి. ఆ పలుకెట్టిదో, దానిని కాపాడుట మనకేల ధర్మమో నేడు విన్నవింపనెంచితిమి.

నక్షత్రలోకమునుండి వెలుగు మాత్రమే కాక రేడియో తరంగములును వచ్చుచున్నవి. దూరటెలిఫోనునకు అడ్డుతగులు చప్పు డెచ్చటిదని వెదకుచుండిన కార్ల్ జాన్‌స్కీ యను అమెరికా ఇంజినీరు, అది పాలపుంతనుండి వచ్చుచున్నదని 1933లో ప్రకటించెను. రేడియో టెలిస్కోపున లోహపు గిన్నె ఆ తరంగములను ఒక్కచోటికి చేర్చును. అచ్చటి గ్రాహకము ఆ సన్నని విద్యుత్తును అనేక రెట్లు పెంచి కంప్యూటరున కందించును. పగలుగాని మబ్బుగాని దీనికి పెద్ద అడ్డు గావు. తరంగము పొడవైనకొలది గిన్నెయు పెద్దది కావలెను. కావుననే పూనా చేరువ ఖోడదు ప్రాంతమున 45 మీటర్ల గిన్నెలు ముప్పదింటిని 25 కిలోమీటర్ల మేర పరచి యొక్కటిగా పనిచేయించుచున్నారు. పాలపుంత ఆకృతిని తెలుపు ఉదజని వాయువు 21 సెంటీమీటర్ల తరంగమును, 1967లో జోసెలిన్ బెల్ కనిపెట్టిన పల్సారులును ఇట్లే మనకు దొరకినవి.

ఇది పరదేశపు ముచ్చటయే కాదు. 1901లో నవాబు జఫర్ జంగు నెలకొల్పిన నిజామియా వేధశాల 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందినది. పిమ్మట ఆ విశ్వవిద్యాలయమువారు నగరమునకు సుమారు 55 కిలోమీటర్ల దూరమున జపాల-రంగాపూరులో 1968లో 48 అంగుళముల దూరదర్శినిని నిలిపిరి. సూర్యుడు మిక్కిలి చెలరేగిన 1980-81 కాలమున అచ్చటనే 10 అడుగుల రేడియో గిన్నెతో సూర్యుని తరంగములను పరిశీలించిరి. తెలుగునేల ఆకాశవాణిని వినిన చోటది.

ఆ వాణి ఎంత సన్ననిదనిన, చంద్రునిపై ఒక చేతిఫోను నుంచినచో అదియే ఆకసమున మిక్కిలి ప్రకాశించు రేడియో మూలములలో నొకటి యగును. అట్టిచో పొరుగు ఊరి టవరు మాట చెప్పనేల? ఫోను వలదని మే మనుట లేదు. మా జేబులోను అది కలదు. మే మడుగునది న్యాయమైన పంపకము మాత్రమే.

ఆకాశ తరంగములు ప్రజల ఆస్తియని మన సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పినది. ప్రజల ఆస్తిని వేలము వేసి కోట్లు గడించు ప్రభుత్వమునకు, అందొక భాగమును శాస్త్రమునకై నిశ్శబ్దముగా నుంచు బాధ్యతయు కలదు. 1400 మొదలు 1427 మెగాహెర్ట్జుల వరకు ఎవ్వరును ప్రసారము చేయరాదని అంతర్జాతీయ నియమమున్నది. కాని నియమము కాగితముపై నున్నంత మాత్రమున చాలదు. నాసిరకపు యంత్రములనుండి కారు రొద కాగితమును లక్ష్యపెట్టదు.

ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాల నిర్జనప్రదేశములలో నిర్మాణమగుచున్న స్క్వేర్ కిలోమీటర్ ఆరే యను మహాయంత్రమున పాలుగొనుటకై 2024 జనవరిలో మన కేంద్రప్రభుత్వము 1,250 కోట్ల రూపాయల నామోదించినది. మెచ్చదగిన పని. అయితే దూరదేశపు నిశ్శబ్దమునకు ఇంత వెల నిచ్చువారు, ఇంటిముంగిటి నిశ్శబ్దమును ఊరక పోగొట్టుకొనుట వివేకమా?

నగరము నలుదిక్కుల ప్రాకుచున్నది. జపాల-రంగాపూరు చుట్టును దీపములకును, టవర్లకును హద్దు లేర్పరచుట రాష్ట్రప్రభుత్వపు విధి. రేడియో యంత్రములకు కావలసిన విద్య మన ఐటీ సంస్థలలో కొల్లలుగా నున్నది. దానిలో కొంత ఈ వేధశాలకు ధారపోయుట వారి విధి. బిడ్డల నొక్కరాత్రియైన అచ్చటికి గొనిపోయి ఆకసమును చూపుట మన విధి. చెరువులను పూడ్చి పిదప నీటికై వగచిన నగరము మనది. ఆకసము విషయమున నైనను ముందుగా మేలుకొందుము గాక!