రాళ్ళెవరు మోశారు?

అమెరికాలో వున్న పిల్లల దగ్గరికి వెళ్ళిన తల్లిదండ్రులు నయాగరా జలపాతం దగ్గర ఫోటో తీయించుకుని తిరిగివచ్చే రోజులు పోయాయి. "ఎలాగూ ఇంత దూరం వచ్చారు, ఇంకాస్త దక్షిణానికి కూడా వెళ్ళివద్దాం" అంటున్నారు పిల్లలు. అలాగే మా అబ్బాయీ అన్నాడు. దక్షిణ అమెరికాలో పెరూ అనే దేశం వుంది. అక్కడి ఆండీస్ పర్వతాలలో, ఇంకాలనే ప్రభువులు కట్టించిన మచు పిచ్చు అనే పాత పట్టణం వుంది. మావారూ, నేనూ, అబ్బాయీ, కోడలూ, తొమ్మిదేళ్ళ మనుమరాలూ కలిసి అక్కడికి వెళ్ళివచ్చాం.

వెళ్ళాలనుకునేవారికి పనికివచ్చే నాలుగు ముక్కలు ముందు చెప్పేస్తాను. లిమా నుంచి విమానం దిగేది కుస్కో అనే ఊళ్ళో. అది సముద్రమట్టానికి సుమారు 3,400 మీటర్ల ఎత్తున వుంది. మచు పిచ్చు 2,430 మీటర్లే. అంటే చూడబోయే ఊరికంటే దిగే ఊరే ఎత్తన్నమాట! కుస్కోలో మెట్లెక్కితే ఆయాసం, రాత్రి తలనొప్పి, అన్నం సయించకపోవటం మామూలే. మాకు చిన్న పిల్లా, పెద్దవాళ్ళమూ వున్నాం కనుక దిగిన రోజునే కారు మాట్లాడుకుని, పల్లంగా వుండే ఉరుబంబా నది లోయలోకి వెళ్ళిపోయాం. ఆ లోయలోని ఒయాంతాయ్‌తాంబో నుంచి రైలు. రైలు దిగాక కొండమీదికి మెలికలు తిరుగుతూ అరగంట బస్సు. టిక్కెట్లు చాలా ముందుగా కొనుక్కోవాలి. టిక్కెట్టు మీద పేరూ, పాస్‌పోర్టు మీద పేరూ ఒకటిగా వుండాలి. ఏ వేళకు, ఏ దారిన తిరగాలో కూడా టిక్కెట్టులోనే వుంటుంది. లోపల పాయిఖానాలు లేవు, ఫలహారాలు తిననివ్వరు. ఆ పనులన్నీ గేటు బయటే ముగించుకోవాలి. చేతికర్ర కావలసినవారు కొనకు రబ్బరు తొడుగు వున్నదే పట్టుకెళ్ళాలి. మే నుంచి సెప్టెంబరు దాకా వానలు తక్కువ.

ఇక అసలు సంగతి.

ఈ ఊరికి "రహస్య నగరం" అని పేరు పడిపోయింది. దుకాణాలలో అమ్మే బొమ్మల పుస్తకాల మీద అదే మాట, సెల్‌ఫోన్లలో తిరిగే వీడియోలలో అదే మాట. రైల్లో కూర్చున్నామో లేదో మనుమరాలు నా కొంగు పట్టుకుని, "నాయనమ్మా, దీన్ని వేరే గ్రహం వాళ్ళు వచ్చి కట్టారట కదా?" అంది. ఎవరు చెప్పారే అంటే ఫోన్లో చూశానంది. నేనేదో చెప్పబోయేలోపల మావారు కళ్ళద్దాలు సవరించుకుని, "అలాగేం? అయితే వాళ్ళు మురుగు కాలవలు ఎక్కడ పెట్టారో చూద్దాం పద" అన్నారు. ఆయన నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయినవారు. ఎంత గొప్ప గుడికి తీసుకువెళ్ళినా ముందు తూము ఎక్కడుందో చూస్తారు.

ఆ రోజు ఆ గుణమే మాకు పనికివచ్చింది. పైకి ఎక్కి ఊరు మొత్తం కంటపడగానే అందరూ ఫోటోలు తీసుకోవటంలో పడ్డారు. పడాల్సిందే మరి! పచ్చని కొండ వీపు మీద బూడిదరంగు గోడలు, వెనకాల నిటారుగా వాయ్‌నా పిచ్చు శిఖరం, అడుగున వొంపు తిరిగిన నది, మధ్య మధ్య వచ్చిపోయే మబ్బులు. నాకైతే కాసేపు నోట మాట రాలేదు. మావారు మాత్రం మనుమరాలి చెయ్యి పట్టుకుని గోడల మొదళ్ళు చూపించటం మొదలుపెట్టారు.

అక్కడ ఏడాదికి సుమారు రెండు మీటర్ల వాన కురుస్తుంది. కొండచరియ మీద అంత వాన కురిస్తే ఊరు ఊరంతా జారి నదిలో పడాలి. అయిదు వందల ఏళ్ళు దాటినా పడలేదు. కెన్నెత్ రైట్ అనే నీటి ఇంజనీరు ఏళ్ళ తరబడి పరిశీలించి కారణం చెప్పారు. ఇంకాలు చేసిన పనిలో సుమారు నూటికి అరవై వంతులు భూమి లోపలే వుందట! మెట్ల పొలాల అడుగున పెద్ద రాళ్ళు, వాటి మీద కంకర, దాని మీద ఇసుక మట్టి, అన్నిటికంటే పైన సారవంతమైన మట్టి. నీరు నిలవకుండా లోలోపలికి ఇంకి పోతుంది. రాళ్ళు చెక్కగా రాలిన ముక్కలను పారేయకుండా నడిమి మైదానం కింద పరిచారు. వాననీరు బయటికి పోవటానికి గోడలలోనూ, దారులలోనూ నూట ముప్ఫయి దాకా తూములు పెట్టారు. మనుమరాలు వాటిని లెక్కపెడుతూ పదిహేడు దగ్గర తప్పిపోయింది.

తాగేనీటి ఏర్పాటు ఇంకా ముచ్చటగా వుంటుంది. కొండవాలున వున్న ఊట నుంచి 749 మీటర్ల పొడవున రాతి కాలవ తవ్వి, నీటిని ఊళ్ళోకి తెచ్చారు. అక్కడినుంచి ఒకదాని కింద ఒకటిగా పదహారు నీటిధారలు. మొదటి ధార రాజుగారి ఇంటి పక్కన పడుతుంది. ఆయన ముట్టుకున్న తరువాతే నీరు కింది వాళ్ళకు వెళ్ళేది. "అంటే అడుగున వున్నవాళ్ళకు అందరూ వాడేసిన నీళ్ళా తాతయ్యా?" అని అడిగింది పిల్ల. తాతగారు నవ్వి, "ఇంజనీరింగు బాగానే వుంది గాని, నువ్వడిగిన ప్రశ్న ఇంజనీరింగుది కాదమ్మా" అన్నారు.

రాళ్ళ సంగతి చూడండి. ఇంకాలకు ఇనుము లేదు, బండికి చక్రం లేదు, బరువు లాగే ఎద్దు లేదు. లిపి కూడా లేదు. లెక్కలన్నీ తాళ్ళకు ముళ్ళు వేసి దాచుకునేవారు. గ్రానైటు రాయి ఊళ్ళోనే దొరికింది. అంతకంటే గట్టి రాయితో కొట్టి కొట్టి, రుద్ది రుద్ది, సున్నం లేకుండా రాయికి రాయి అతికించారు. గోడలు లోపలికి కాస్త వాలి వుంటాయి. గుమ్మాలు అడుగున వెడల్పుగా, పైన ఇరుకుగా వుంటాయి. భూకంపాల దేశంలో అదే వాటికి రక్ష. సగం చెక్కి వదిలిపెట్టిన బండలు గని దగ్గర ఇప్పటికీ పడివున్నాయి. వేరే గ్రహం వాళ్ళే అయితే పని మధ్యలో వదిలి ఎందుకు పోతారు చెప్పండి!

ఊరు ఏనాటిదో కూడా తెలియనిది కాదు. అక్కడ దొరికిన ఎముకల వయసు లెక్కకట్టి, 1420 ప్రాంతం నుంచి 1530 ప్రాంతం దాకా జనం వున్నారని 2021లో ప్రకటించారు. పాచకుతి అనే చక్రవర్తి విడిదిగా దీన్ని కట్టించాడని పండితుల అభిప్రాయం. 1532లో స్పెయిన్ వాళ్ళు వచ్చిపడటంతో ఇంకాల రాజ్యం కూలింది. ఊరు పాడుపడింది.

పాడుపడిందే గాని పోలేదు సుమండీ! యేల్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే హైరమ్ బింగ్‌హామ్ 1911 జూలై 24న దీన్ని కనుగొన్నాడని పుస్తకాలలో వుంటుంది. ఆ రోజు ఆయనకు దారి చూపించినవాడు మెల్చోర్ ఆర్తియాగా అనే ఆ లోయ రైతు. కూలి ఒక సోల్. పైకి వెళ్ళేసరికి రైతు కుటుంబాలు ఇంకాల మెట్ల పొలాలలోనే సేద్యం చేసుకుంటూ కనిపించాయి. వాళ్ళ పిల్లవాడొకడు ముందు నడిచి గోడలన్నీ చూపించాడు. అంతకు తొమ్మిదేళ్ళ ముందే, 1902లో, అగుస్తిన్ లిజారగా అనే మరో రైతు వచ్చి గోడ మీద తన పేరు రాసి వెళ్ళాడు. ఆ సంగతి బింగ్‌హామే తన డైరీలో రాసుకున్నాడు కూడా. కాని ప్రపంచానికి తెలిసిన పేరు ఒక్కటే. "రహస్య నగరం" అన్నమాటలో వున్న చిక్కు ఇదే. ఎవరికి రహస్యం? పక్క పొలం వాడికి కాదే!

బింగ్‌హామ్ బృందం సమాధులు తవ్వి, ఎముకలూ కుండలూ అమెరికా పట్టుకుపోయింది. ఆ ఎముకలు ఎక్కువగా స్త్రీలవని, వాళ్ళు సూర్యుడి సేవకు అంకితమైన కన్యలని అప్పట్లో ఒక కథ పుట్టింది. తరువాత మళ్ళీ పరీక్షించి చూస్తే ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఇంచుమించు సమానంగా తేలారు. పెరూ ఎంతోకాలం అడగగా అడగగా, 2011, 2012 సంవత్సరాలలో యేల్ వాళ్ళు ఆ సొత్తు తిరిగి ఇచ్చేశారు. కుస్కోలో కాసా కొంచా అనే పాత మేడలో అవి వున్నాయి. తిరుగు ప్రయాణంలో అక్కడికి తప్పకుండా వెళ్ళండి.

అక్కడ నన్ను కదిలించిన సంగతి ఒకటి చెప్పాలి. మచు పిచ్చులో పాతిపెట్టిన 34 మంది ఎముకలలోని డి.ఎన్.ఏ. పరీక్షించి, 2023లో ఫలితాలు ప్రకటించారు. వాళ్ళు రాజులు కారు, రాజుల ఇంట్లో కొలువు చేసినవాళ్ళు. ఒక ఊరి వాళ్ళు కారు, ఒక జాతి వాళ్ళు కారు. ఇంకా రాజ్యం నలుమూలల నుంచీ, అమెజాన్ అడవుల వైపు నుంచీ కూడా వచ్చినవాళ్ళు. అన్నదమ్ములని, తండ్రీకొడుకులని చెప్పుకోదగిన దగ్గరి చుట్టరికం వాళ్ళలో కనిపించలేదు, ఒక్క జంటకు తప్ప. ఆ జంట ఒక తల్లీ, ఒక కూతురూ.

ఈ మాట అబ్బాయి చదివి చెబితే మా కోడలు పిల్లను దగ్గరికి తీసుకుంది. పుట్టిన ఊరు వదిలి, భాష తెలియని కొండమీదికి వచ్చి, ఒకరి కొలువులో బతికి, అక్కడే మట్టిలో కలిసిపోయిన మనుషులు. ఆ తల్లికి ఆ కూతురొక్కతే తనవాళ్ళనుకోవటానికి మిగిలిందేమో! వాళ్ళ పేర్లు ఏ తాటి ముడిలోనూ మనకు దొరకవు. "వేరే గ్రహం వాళ్ళు" అని మనం సరదాగా అనే మాట వీళ్ళ చేతుల్లోంచి ఆ రాళ్ళను లాక్కుంటుంది. అది నాకు నచ్చలేదు. పిల్లకూ అదే చెప్పాను.

మర్నాడు కుస్కోలో సాన్ పెద్రో బజారుకు వెళ్ళాం. నల్లవీ, ఎర్రవీ, ఊదావీ బంగాళాదుంపలు గుట్టలు పోసి అమ్ముతున్నారు. మన వేపుళ్ళలో, పూరీ కూరలో వేసుకునే దుంపకు పుట్టిల్లు ఈ కొండలే. వాటిని రాత్రి మంచులో ఆరుబయట పరిచి గడ్డకట్టించి, కాళ్ళతో తొక్కి నీరు పిండి, ఎండలో ఎండబెడతారు. చూన్యో అంటారు. ఏళ్ళ తరబడి పాడవదు. "అత్తయ్యగారూ, వీళ్ళకూ వడియాలున్నాయండీ!" అంది కోడలు. ఈ ఉపాయం మొదట ఏ ఇల్లాలికి తోచిందో ఆమె పేరూ లేదు, రాయీ లేదు. అయినా ఆమె దుంప మన వంటింట్లో వుంది.

మచు పిచ్చుకే వెళ్ళనక్కరలేదు. మీ పిల్లలను ఏ కోటకో, ఏ పాత గుడికో తీసుకువెళ్ళినప్పుడు ఎవరు కట్టించారో బోర్డు మీద రాసేవుంటుంది, చదవనివ్వండి. ఆ తరువాత నాలుగు ప్రశ్నలు వేయండి. రాళ్ళెవరు మోశారు? నీళ్ళెక్కడినుంచి వచ్చాయి? మురుగు ఎటు పోయింది? అందరికీ వంట ఎవరు చేశారు? జవాబులన్నీ దొరక్కపోవచ్చు. వెతకటం మొదలుపెడితే పిల్లలు గోడల మొదళ్ళు చూడటం నేర్చుకుంటారు. వాళ్ళు ఏం కనిపెట్టారో మాకు కూడా రాయండి.